నేను అనని మాట

చచ్చిపోయినవాళ్ళను తిట్టకూడదంటారు. నేను మదనపల్లె బస్టాండులో ఎక్కింది మొదలు కుప్పంలో దిగేదాకా దాన్ని తిడుతూనే ఉన్నాను. పైకి కాదు, లోపలే. పక్క సీటులో ఉన్నామె నా పెదాలు కదలడం చూసి, ఏదో జపం చేసుకుంటున్నాననుకుని, భక్తిగా కాస్త జరిగి కూర్చుంది.

"అది" అంటున్నానని ఎవరూ తప్పు పట్టొద్దు. ఆరో తరగతిలో ఒకే బెంచీ మీద కూర్చున్న రోజు నుంచి నాకది "అది"యే. దానికీ నేనంతే. ఇప్పుడు పోయింది కదా అని "ఆమె" అని రాస్తే ఎవరో పరాయి మనిషి సంగతి రాస్తున్నట్టుంటుంది.

నా కోపానికి కారణం ముందే చెప్పేస్తాను. అది చనిపోయింది. నాకు తెలిసేటప్పటికి మట్టి చెయ్యడం, చిన్న దినం కూడా అయిపోయాయి. నాకు తెలియకుండా చేసింది కూడా అదేనట. మా ఆయన చెప్పాడు. "ఆమే సెప్పొద్దనింది మే. పంట చేతికొచ్చేదాకా నీ చెవిన పడకూడదని గట్టిగా సెప్పి పోయింది" అన్నాడు. దాని చావు కంటే ఆ మాటే నన్ను ఎక్కువ కోసింది. నా గురించి ఇంతేనా అనుకున్నది? తన కంటే నాకు పంట ఎక్కువని తీర్మానం చేసేసుకుందా? నన్నొక్క మాట అడగాలనిపించలేదా?

మేమిద్దరం పుంగనూరు పక్క పల్లెల వాళ్ళం. బడి మాత్రం పుంగనూరులో. అది పొట్టిది, గట్టిది, ఒక్కచోట నిలబడే రకం కాదు. నేను దాన్ని "పుంగనూరావు" అనేదాన్ని. పొట్టిగా ఉన్నా పాలకేం తక్కువలేదని అది నాకు జవాబు చెప్పేది. లెక్కల్లో నాకంటే ఎప్పుడూ ముందే. తెలుగులో నేను ముందు. పరీక్షలప్పుడు ఎవరిది వాళ్ళు దాచుకోవడం మాకు చేతకాలేదు, అందువల్ల ఇద్దరికీ అన్నింటిలో ఒకే మాదిరి మార్కులు వచ్చేవి. సార్లకు సంగతి తెలుసు. ఏమీ అనలేదు.

మా ఇంట్లో రాగి, వేరుశనగ. వాళ్ళింట్లో పట్టుపురుగులు. మొదటిసారి వాళ్ళింటికి పోయినప్పుడు తట్టల నిండా తెల్లగా, వేలంత లావుగా కదులుతున్న వాటిని చూసి బయటికి పరుగెత్తాను. అది పరుగెత్తుకుంటూ వెనకే వచ్చి, నా చెయ్యి తీసుకుని, అరచేతిలో ఒక పురుగును పెట్టింది. "సూడు, సల్లగా ఉండాది. నీ కంటే మంచిది. అబద్ధం ఆడదు" అన్నది. నిజంగానే చల్లగా ఉంది. ఆ రోజు నుంచి నాకు భయం పోయింది.

వాళ్ళమ్మ గడప దగ్గర కాపలా కూర్చునేది. ఇంటికి ఎవరొచ్చినా ముందు ఒకటే ప్రశ్న. "యాడ నుంచి వస్తాండారు?" చావింటికి పోయొచ్చినవాళ్ళను పురుగులున్న గదిలోకి రానిచ్చేది కాదు. స్నానం చేసినా సరే, ఆ పంట గూడు కట్టి అయిపోయేదాకా రానిచ్చేది కాదు. మా పక్క పురుగులు మేపే ఇళ్ళన్నిటిలోనూ ఇదే పట్టింపు. పురుగుకు చావు గాలి సోకితే పంటంతా పోతుందని నమ్మకం. సొంత అన్న పోయినప్పుడు వాళ్ళమ్మ పోయి వచ్చి, పక్కింటి పంచలో పడుకుని, అక్కడి నుంచే కేకలు వేసి కూతురి చేత ఆకు వేయించింది. అట్లాంటి ఇంట్లో పెరిగింది అది.

తర్వాత మదనపల్లెలో డిగ్రీ. హాస్టల్లో ఒకే గది. మదనపల్లె చలికి ఇద్దరం దుప్పట్లు రెండూ కలిపి ఒకదాని మీద ఒకటి వేసుకుని పడుకునేవాళ్ళం. పొద్దున్నే లేచి మార్కెట్ యార్డు పక్క నుంచి నడుస్తుంటే టమాటా వాసన ముక్కులు బద్దలు కొట్టేది. ఆ రోడ్డు మీదే అది నాకు చెప్పని రహస్యం లేదు. నేనూ అంతే. ఇంకా ఎక్కువ రాస్తే బాగుండదు, మా ఇద్దరికీ పెళ్ళీడు పిల్లలున్నారు.

దానికి కుప్పం సంబంధం కుదిరింది. భర్త గ్రానైట్ పాలిష్ చేసే చోట సూపర్వైజరు. కుప్పం పోయిన ఏడాదికే అది "ఔను" మరిచిపోయి "ఆమా, ఆమా" అనడం మొదలుపెట్టింది. పెళ్ళయితే మొగుడి ఇంటిపేరు వస్తుందిగానీ అరవం కూడా వస్తుందా అని ఏడిపించేదాన్ని. నన్ను కురబలకోట పక్క పల్లెలో ఇచ్చారు. మా ఆయనది టమాటా సేద్యం. అంటే, ఒక ఏడాది ఇల్లు కట్టొచ్చు, మరుసటి ఏడాది ఆ ఇంటి ముందర కూర్చుని ఏడవచ్చు.

ధర పడిపోయి, కోత కూలి కూడా రాక, కాయను చేలోనే వదిలేసిన ఏడాది అది ఫోన్ చేసింది. "ఇంక ఆ గాచారం పంట వదిలిపెట్టు మే. మల్బరీ నాటండి. నేనొచ్చి నేర్పిస్తా" అన్నది. ఊరికే అన్నదనుకున్నాను. మేము షెడ్డు వేసి మొదటిసారి పురుగులు తెచ్చిన రోజు, చేతిలో బ్యాగుతో దిగింది. కూతుర్ని అత్తగారి దగ్గర వదిలిపెట్టి, మొగుడికి హోటలు అన్నం అప్పజెప్పి, ఆ పంట గూడు కట్టేదాకా మా ఇంట్లోనే ఉంది. ఆకు ఎప్పుడు కొయ్యాలి, ఎంత వెయ్యాలి, సున్నం ఎప్పుడు చల్లాలి, అన్నీ అదే. మా ఆయనను "అన్నా, అన్నా" అంటూనే రోజంతా పని చేయించేది. ఆయన కూడా నా మాట వినడుగానీ దాని మాట వినేవాడు.

పురుగు నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. విడిచే ముందు ఆకు ముట్టకుండా, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. దాన్ని జ్వరం అంటారు. నాలుగో జ్వరం నుంచి లేచాక దానికొచ్చే ఆకలి అంతా ఇంతా కాదు. ఆ వారం రోజులు మనిషికి తిండీ నిద్రా ఉండదు. ఎంత ఆకు వేసినా కాసేపట్లో ఈనెలు మిగులుతాయి. ఇద్దరు మనుషులుంటే గానీ కుదరదు. ఆ వారంలోనే మా అత్తగారి తమ్ముడు ఎవరి చావుకో పోయి, తిరుగుదారిలో అక్క కోడలు పురుగులు పెట్టిందట, చూసి పోదామని వచ్చాడు. అది షెడ్డు వాకిట్లో చేతులు అడ్డం పెట్టి నిలబడింది.

"మామా, ఈడే ఆగు. కాఫీ ఈడికే తెస్తా."

"ఏమ్మా, నేనేమన్నా పాములోడినా?"

"పాములోడైతే రానిద్దును. నువ్వు సావింటి నుంచి వస్తాండావు."

ఆయన అలిగాడు. కాఫీ తాగి మరీ అలిగాడు. తర్వాత అది నాతో నవ్వుతూ అన్నది, "సావుకూ పురుక్కూ ఏమీ లేదే. రోగం కాళ్ళకంటుకోనొస్తాది, అంతే. కానీ మాయమ్మ మాట. దాటబుద్ధి కాదు." అది చదువుకున్న మనిషే. నేనూ చదువుకున్నదాన్నే. ఇద్దరమూ దాటలేదు.

ఆ తర్వాత ఇన్నేళ్ళూ రోజూ పొద్దున మొదటి మేత అయ్యాక ఫోను. ముందు పురుగుల యోగక్షేమాలు, తర్వాత నావి. "లేచినాయా? ఆకు తింటాండాయా? సరే, నువ్వు తిన్నావా?" అదీ వరస.

రెండేళ్ళ కిందట దాని కిడ్నీలు దెబ్బతిన్నాయి. వారానికి ఇన్నిసార్లని రక్తం శుభ్రం చేయించుకోవాలి. నేను పంటకూ పంటకూ నడుమ పోయి నాలుగు రోజులు ఉండి వచ్చేదాన్ని. పోయినప్పుడల్లా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఊళ్ళో వాళ్ళందరినీ ఆడిపోసుకునేది. మంచాన పడ్డ మనిషిలా ఉండేది కాదు. నీళ్ళు కొలిచి తాగాలని డాక్టరు చెబితే, "నా జీవితమంతా కొలిచి పెట్టడమే గదా, ఇదొక లెక్కా" అన్నది.

ఈసారి పంట మాకు చాలా ముఖ్యమైనది. అంతకు ముందు వరసగా రెండు పంటలు పోయాయి. చివరి వారంలో పురుగులు రోగం తగిలి, పాల లాంటి రసం కారి, మెత్తబడి, కుప్పలు కుప్పలుగా చచ్చాయి. గుంత తీసి పూడ్చాం. మా ఆయన ఆ గుంత దగ్గర నిలబడి ఎవరితోనూ మాట్లాడకపోవడం నేను చూశాను. కాబట్టి ఈసారి ఆయన భయం నాకు తెలియనిది కాదు.

మూడో జ్వరం నాటికి అది ఫోన్ చేసింది. గొంతు బాగా తగ్గిపోయింది. "ఆస్పత్రికి పోతాండా మే. చెకప్పు. వారంలో వచ్చేస్తా. నువ్వు ఆకు సూసుకో" అన్నది. ఏమయింది అని అడిగితే, "రోజూ ఉండేదే" అన్నది. ఆ తర్వాత దాని ఫోను రాలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. షెడ్డులోకి నేను ఫోను తీసుకుపోను. చేతులకు సున్నం దుమ్ము, ఆకు పసరు. ఫోను ఇంట్లో కిటికీలో ఉంటుంది. మోగితే మా ఆయన ఎత్తుతాడు, నాకు వచ్చి చెబుతాడు. కొత్త ఏర్పాటు కాదు, మొదటి నుంచీ అంతే. అనుమానించాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు.

"దాని ఫోనేమన్నా వచ్చిందా?" అని షెడ్డులో నుంచే అడిగేదాన్ని.

"వాళ్ళ పాప చేసింది. బాగుండాదంట. వార్డులోకి ఫోను తీసుకుపోనియ్యరంట. ఇంటికొచ్చినాక మాట్లాడతాదంట."

నాకు ప్రాణం కుదుటపడింది. బాగుందట అనుకుని, ఇంకో నాలుగు మోపులు ఆకు ఎక్కువ మోశాను. ఈసారి పురుగులు నాలుగో జ్వరం నుంచి ఒక్కటి కూడా చావకుండా లేచాయి. మేత ముగించి, పండి, మెరుస్తూ, చంద్రికలకెక్కాయి. చంద్రిక అంటే పురుగు గూడు కట్టుకోవడానికి మేము పెట్టే అల్లిక. ఇప్పుడు ప్లాస్టిక్‌వి వచ్చాయి. తెల్లటి గట్టి గూళ్ళు. అది చూస్తే ఎంత మురిసిపోతుందో అని ఏరేటప్పుడంతా అనుకున్నాను.

మా ఆయన మదనపల్లెలో గూళ్ళు అమ్మి మధ్యాహ్నానికి వచ్చాడు. అన్నం పెట్టుకున్నాం. పంట మంచిగా వచ్చిన సంతోషంలో నేను మారు పెట్టుకుని తిన్నాను. నేను చెయ్యి కడుక్కునేదాకా ఆగాడు. ఆగి, అది పోయిందని చెప్పాడు.

నేను అరిచానో ఏడ్చానో నాకు సరిగ్గా గుర్తులేదు. ఎప్పుడు అని అడిగాను. ఆయన చెప్పిన రోజు పురుగులు చంద్రికలకెక్కిన రోజు. నేను ఆ రోజు షెడ్డులో కూనిరాగం తీస్తూ తిరిగాను. ఎందుకు చెప్పలేదని కొట్టినంత పని చేశాను. అప్పుడే అన్నాడు, "ఆమే సెప్పొద్దనింది మే."

నేను నమ్మాను. నమ్మకుండా ఎట్లా? వాళ్ళమ్మ పెంపకం, ఆ పట్టింపు, నా పంట మీద నాకంటే ఎక్కువ దానికుండే ఆరాటం, అన్నీ సరిపోయాయి. కోపం ఆయన మీది నుంచి దాని మీదికి పోయింది. బస్సు పుంగనూరులో ఆగినప్పుడు మేము చదివిన బడి వైపు చూడకుండా తల తిప్పుకున్నాను. పలమనేరు దాటాక ఇంకా పెరిగింది. హాస్టల్లో నేను రాసుకున్న మాటలన్నీ నీ ముందర చదివానే, నా కడుపులో ఉన్నదంతా నీకు తెలుసే, చివరికి నన్నొక పురుగులు మేపే ఆడమనిషి కింద జమకట్టి పోతావా అని నిలదీశాను. నీ మొహం చూసుకునే హక్కు తీసెయ్యడానికి నువ్వెవరు అని కూడా అడిగాను. అది జవాబు చెప్పకపోతే ఇంకా మండింది.

కుప్పంలో వాళ్ళిల్లు రైల్వే స్టేషను దగ్గరి సందులో. వాకిలి తెరిచే ఉంది. దాని భర్త నన్ను చూశాడు. పలకరింపుకు వచ్చిన మనిషిని చూసి ఎవరైనా ఒక మాట అంటారు, లేకపోతే ఏడుస్తారు. ఆయన లేచి లోపలికి పోయాడు. దాని కూతురు వచ్చి చాప వేసింది.

"రాండి, కూర్చోండి."

పుట్టినప్పటి నుంచి ఆ పిల్ల నన్ను "పెద్దమ్మా, నువ్వు" అనేది. ఈ "రాండి" ఎక్కడి నుంచి వచ్చిందో నాకర్థం కాలేదు. చెంబుతో నీళ్ళు తెచ్చి దూరంగా పెట్టింది. నేను తాగాను. గోడకు దాని ఫోటో. ఎవరి పెళ్ళిలోనో తీసింది, నోరు తెరిచి ఏదో చెబుతోంది.

ఆ పిల్లే ముందు మాట్లాడింది. "పురుగులు బాగా కట్టినాయా?"

అడిగిన తీరులో ఎంత విషం ఉందంటే, దాని కోసం అంత దూరం మోసుకొచ్చిన నా కోపమంతా ఈ పిల్ల మీదికి తిరిగింది.

"నన్నెందుకంటావు పాపా? నాకు సెప్పొద్దని మీయమ్మే గదా అనింది. పంట చేతికొచ్చేదాకా దానికి తెలియనియ్యొద్దని సెప్పి పోయింది. నేనేం సెయ్యాల?"

ఆ పిల్ల చెంబు తీయబోయి ఆగింది.

"ఎవురు సెప్పినారు మీకు?"

"మీ పెదనాయన."

"మాయమ్మ యాల సెప్పొద్దంటాది? ఆస్పత్రిలో పడుకున్న దినం నుంచి మీరు వస్తాండారా అనే అడిగింది. మీకు ఫోన్ చేసింది నేనే. పెదనాయన ఎత్తినాడు. అమ్మకు బాగలేదు, డాక్టర్లు సెప్పలేమంటాండారు, పెద్దమ్మను పంపించు అన్నా. పిలుస్తా ఉండు అన్నాడు. కొంచెం సేపటికి ఆయనే చేసినాడు. సెప్పినా పాపా, నాలుగో జ్వరం లేస్తాండాయి, ఇప్పుడు సావింటి మాదిరి ఉండే చోటికొస్తే మళ్ళా షెడ్డులోకి పోను కుదరదు, రాలేనంటాండాది మీ పెద్దమ్మ, అన్నాడు."

"నేనా?"

"మీరే అన్నారన్నాడు. మళ్ళా దినం మళ్ళీ చేసినా. అదే మాట."

"నాకు తెల్దు పాపా. నాకెవురూ సెప్పలేదు. బాగుండాదన్నాడు. వార్డులోకి ఫోను పోనియ్యరన్నాడు." నా గొంతు నాకే దొంగ గొంతులా వినిపించింది. చచ్చిపోయిన మనిషి ఇంట్లో కూర్చుని, నాకు తెలియదు, నాకు తెలియదు అంటున్నాను. ఎవరైనా అదే అంటారు కదా.

తర్వాత అడగకూడదనుకుంటూనే అడిగాను. "మీయమ్మకు సెప్పినావా? నేను రానన్నానని?"

"రోజూ అడుగుతాంటే సెప్పకుండా యెట్లుండేది?"

"ఏమనింది?"

ఆ పిల్ల కళ్ళు ఫోటో వైపు పోయాయి. చెప్పడం ఇష్టంలేదని తెలుస్తూనే ఉంది.

"నాలుగో జ్వరమా, అట్లయితే యాడొస్తాదిలే, అనింది. దాన్నేమీ అనొద్దండి అనింది. నాకూ నాయనకూ కోపమొచ్చింది. అమ్మకు రాలేదు. అన్న ఒక్కడే ఆకెయ్యలేడు, మొన్న రెండు పంటలు పోయినాయి, ఇది కూడా పోతే మనిషి నిలబడడు అనింది. మళ్ళా దినాలు లెక్కేసుకునింది. ఇయ్యాల బాగా తింటాంటాయి, రేపు పండుతాయి అని ఆడ పడుకునే సెప్పేది. గూళ్ళు ఏరినాక వస్తాది సూడు, అప్పుటిదాకా నన్ను బతికించుకోండి, అని నర్సుతో నవ్వులాట కూడా ఆడింది."

పురుగులు చంద్రికలకెక్కిన రోజే అది పోయిందని ముందే రాశాను. గూళ్ళు ఏరడానికి ఇంకా రోజులున్నాయి.

ఏడుపు రాలేదు. బస్సులో కూర్చుని మూడు ఊళ్ళ పొడుగునా నేను తిట్టిపోసిన మనిషి, నన్ను ఒక్క మాట అననివ్వకుండా అడ్డం నిలబడి పోయింది. ఇన్నేళ్ళలో నేను దాన్ని ఎన్నోసార్లు మన్నించాను, అది నన్ను ఇంకా ఎక్కువసార్లు మన్నించింది. ఆ మన్నింపులన్నీ మేము నిజంగా చేసిన తప్పులకు. ఇది మాత్రం నేను చెయ్యని తప్పు. నేను చెయ్యలేదని చెప్పుకోవడానికి మనిషి లేదు.

"మీయమ్మ నమ్మిందా, నేను ఆ మాట అన్నానని?" అని మళ్ళీ అడిగాను, పిచ్చిదానిలా.

"నమ్మక ఏం చేస్తాది? పెదనాయన అబద్ధం ఆడతాడని ఎట్లనుకుంటాది? అన్నా అన్నా అనేది."

ఆ పిల్ల నా పక్కకు వచ్చి కూర్చుంది. "నువ్వు ఇప్పుడు నాకు సెప్తే ఏం లాభం పెద్దమ్మా? సెప్పాల్సింది అమ్మకు" అన్నది. నమ్మింది. నమ్మినందుకు సంతోషపడాల్సింది. నాకు ఆ మాటతో ఇంకా ఎక్కువ దిగులు పట్టుకుంది.

దాని భర్త చివరిదాకా బయటికి రాలేదు. చావింటి నుంచి లేచేటప్పుడు పోయొస్తామని చెప్పకూడదు కాబట్టి, ఏమీ చెప్పకుండానే లేచి వచ్చేశాను.

తిరుగు బస్సులో నా నోరు కదల్లేదు. ఎవరిని తిట్టాలో తెలిసిపోయాక తిట్లు రాలేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన నాతో అబద్ధమాడని మనిషి అని నేను అనడం లేదు. ఆడాడు. ఎరువుల ధర దగ్గర ఆడాడు, చీట్లపేక దగ్గర ఆడాడు. అవన్నీ నాకు తెలిసిపోయే అబద్ధాలు. తెలిసిపోతుందని ఆయనకూ తెలిసే ఆడేవాడు. ఇది అట్లాంటిది కాదు. నా నోరు ఆయన తీసుకున్నాడు. నా నోటితో "రాను" అన్నాడు. ఆ "రాను" నా స్నేహితురాలి మంచం దగ్గరికి పోయి, రోజూ దాని ముందర కూర్చుంది. పైగా, అది చచ్చిపోయిన తర్వాత దాని నోరు కూడా తీసుకుని నాతో ఇంకొక అబద్ధం చెప్పాడు. నేను దాన్ని తిట్టుకునేలా చేశాడు.

ఇంటికి చేరేటప్పటికి పొద్దు వాలుతోంది. మా ఆయన షెడ్డు ముందర చంద్రికలను బ్లీచింగు నీళ్ళలో ముంచి, ఒక్కొక్కటే గోడకు ఆనిస్తున్నాడు. వచ్చే పంటకు సిద్ధం చేస్తున్నాడు.

"వచ్చినావా? స్నానం చేసి రా, కాఫీ పెడతా" అన్నాడు.

నేను చెప్పులు కూడా విడవలేదు. "నేను రానన్నానా?" అని అడిగాను.

ఆయనకు అర్థమైపోయింది. చేతిలోని చంద్రిక నుంచి నీళ్ళు కారి ఆయన కాళ్ళ మీద పడుతున్నాయి. దాన్ని పెట్టెయ్యాలని కూడా తోచలేదు.

"రెండు పంటలు పోగొట్టుకున్నాం మే. ఇది కూడా పోయింటే..."

"నేను పంట సంగతి అడగలేదు. నేను రానన్నానా?"

"లేదు."

"నన్ను అడిగినావా?"

"లేదు."

"తోటికోడల్ని పిలిస్తే వచ్చి ఆకెయ్యదా? మా తమ్ముడికి ఫోన్ చేస్తే పరుగెత్తుకోని రాడా? అది మన పురుగుల కోసం మొగున్నీ బిడ్డనూ వదిలేసి వచ్చి ఈ షెడ్డులో పడుకునింది. నీకు అన్నం వండిపెట్టింది. ఒక్క మాట, ఒకే ఒక్క మాట నన్ను యాల అడగలేదు నువ్వు?"

ఆయన చేతిలోని చంద్రికను గోడకు ఆనించాడు. మామూలుగా అయితే కేకలు వేస్తాడు. ఈసారి మెల్లగా, ఇందులో దాచడానికి ఏముందన్నట్టు చెప్పాడు.

"అడిగితే పోతావని తెలుసు గదా. ఆకూ పురుగూ యాడిది ఆడ పడేసి, కట్టుకున్న సీరతో పోతావు. అందుకే అడగలేదు."

నేను అక్కడే గడప మీద కూర్చుండిపోయాను. నేను అన్నీ పడేసి వస్తానని ఆయనకు తెలుసు. ఇంత అనుమానం కూడా లేకుండా తెలుసు. తెలియాల్సినది దానికి. అది మాత్రం, నాకు పని ఉందనుకుంటూ పోయింది.